ఎడంచెయ్యి

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
తొడిమలు తీసే షెడ్డుకు ఆనుకొని
గోనెసంచుల మీద నా పడక.
సీజనులో ఇంటికి పోయి రావడం దండగ,
ఆటోకే సగం కూలి.
పక్కన ఫిలోమిన గురక.

పాటలు వేసిపెట్టమంటే
అరండల్‌పేటలో కాలేషా
ఎవరో తిరిగి తీసుకుపోని ఫోనులోంచి
మెమరీకార్డు పీకి ఇచ్చాడు.
పెళ్ళి ఫోటోలు కొన్ని, ఒక చీటీపాట లెక్క,
అడుగున ఫోల్డరులో తొమ్మిది ట్రాకులు.
జాజ్ అని ఉంటే
జాజి అని చదువుకున్నాను.
పూల పాటలనుకొని నొక్కాను.

పాట లేదు.
గొంతు లేదు.
పియానో ఒక్కటే,
అదీ ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కాదు,
తాళంచెవి ఎక్కడ ముడేశానా అని
చీకట్లో కొంగంతా తడుముకుంటున్నట్టు.

పియానో నాకు తెలియంది కాదు.
చిన్నప్పుడు మా చర్చిలో ఒకటుండేది.
మూత తీయగా ఎవరూ చూడలేదు.
దాని మీద ప్లాస్టిక్ పూలు, కానుకల డబ్బా.
ఓ శనివారం దుమ్ము తుడుస్తూ
సందులోంచి వేలు పెట్టి ఒక మెట్టు నొక్కాను.
అది పలికింది,
పలికిన దగ్గర్నుంచే పోవడం మొదలుపెట్టింది.
హార్మోనీపెట్టెకైతే తిత్తి ఉంది, ఊదినంతసేపూ బతుకు.
దీనికి ఒకటే ఊపిరి.
ఆ పోవడం వినబడినంతసేపూ
చీపురు పట్టుకొని నిలబడ్డాను.

ఇతను అట్లా పోయేవాటినే
ఒకదాని పక్కన ఒకటి పెడుతున్నాడు.
తొందర లేదు.

మూడోదాంట్లో రెండు చేతులూ వేరువేరుగా తెలిశాయి.
పగలంతా నేను చేసేదీ అదే:
ఎడంచెయ్యి కాయ పట్టుకుంటుంది,
కుడిచెయ్యి తొడిమ తుంచుతుంది.
మేస్త్రీ చూసేది కుడిచేతినే.
కూలీ కుడిచేతి లెక్కనే.
ఇక్కడా కుడిచెయ్యి ఊరంతా తిరుగుతోంది,
మెట్లెక్కి, దిగి, ఎవరి గుమ్మంలోనో ఆగి,
ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చి.
ఎడంచేతిది మాత్రం ఆ నాలుగే మాటలు,
అన్నం మీద మూత పెట్టి
కూర్చున్న మనిషిలా.
ఎక్కడికి పోయావని అడగదు.

ఐదోది నాకు నచ్చలేదు.
తిరిగిన సందే తిరుగుతుంది,
దారి అడగడానికి నామోషీ అయిన మొగాళ్ళలా.

ఆరోదానికి కళ్ళు నిండాయి.
తుడుచుకోడానికి లేదు.
మిరప గోళ్ళలోకి దిగాక
పెరుగు రాసినా, కొబ్బరినూనె రాసినా
ఆదివారం దాకా పోదు.
కళ్ళు కారుతుంటే చేతులు రెండూ
ఎవరివో అన్నట్టు దూరంగా పట్టుకు కూర్చోవడం
ఈ షెడ్డులో అందరికీ అలవాటే.

టార్చి వేసుకొని వచ్చిన ఏసోబు
"ఏందమ్మే, ఏడుస్తన్నావా?" అన్నాడు.
"ఘాటు" అన్నాను.
"ఇయ్యాల దిగింది బ్యాడిగి గదా,
దాంట్లో ఘాటు యాడ సచ్చింది" అని
నవ్వి, బీడీ ఆర్పి, గేటు వైపు పోయాడు.
అతనికి తెలుసు.
భార్య పోయిన ఏడు
అంతా తేజా కాయల మీదే పెట్టాడు అతనూ.

ఏడోదాంట్లో ఒకచోట ఆపేస్తాడు.
కుర్చీ కిర్రుమంటుంది.
ముక్కుతో గాలి పీల్చిన చప్పుడు.
అప్పటిదాకా
అక్కడొక మనిషి ఉన్నాడని తట్టలేదు నాకు.
ఎవరు, ఏ ఊరు, ఇంకా ఉన్నాడా,
కార్డులో ఏమీ లేదు.
అడిగితే కాలేషా
"పాతయ్యి తీసేసి కొత్త పాటలెయ్యనా?" అన్నాడు.
వద్దన్నాను.

తెల్లారగట్ట నాలుగింటికి కంప్రెసరు ఆపుతారు.
రాత్రంతా ఏదో మోగుతూనే ఉందని
అది ఆగాకే తెలుస్తుంది.
ఆ ఐదు నిమిషాల్లో ఏడోది మళ్ళీ పెట్టి
కుర్చీ దగ్గర చెవి ఆనిస్తాను.
అతను కొంచెం ఒరిగినట్టుంది దాని మీద,
ఎడం పక్కకి.